జిగురు కలిపిన సున్నం

"ఏం అజయ్, అందరు కూసుంటే నువ్వొక్కనివే గడపల నిలబడ్డవేంది? కొత్త అల్లునివా? రా, కూసో. జర నీ చెప్పు తిరగేసి చూడు. ఎడమ మడమ అరిగిందా, కుడి మడమ అరిగిందా? ఎడమ మడమ అరిగినోడు ఇంట్ల అబద్ధాలు చెప్తడని పెద్దోళ్ళంటరు. చూడు బిడ్డా, నీ పెండ్లాం గూడ చూస్తుంది. చూసినవ్. వంగి మరీ చూసినవ్. నీ వెనుక రాజేందర్ గాడు గూడ మెల్లగ తిప్పి చూసుకున్నడు. పెద్దోళ్ళు ఎవ్వరు అనలే. గిప్పుడే, ఈ బీడీ ముట్టిచ్చుకుంట నేను పుట్టిచ్చిన. ఇగ చెప్పు కింద పెట్టు. ఖాజాగూడ ఎల్లయ్య ముచ్చట చెప్త, నవ్వకుంట ఇనుర్రి."

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మాదాపూర్ దగ్గర గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచింది. దాన్ని చూసి కొండాపూర్ నుంచి ఖాజాగూడ దాకా ఎక్కడ చూసినా ప్రహరీలు లేచాయి. ప్రహరీ లేచిన చోటల్లా ఎల్లయ్యకు పని. ఎల్లయ్య సున్నాలు వేసేవాడు. నాలుగో తరగతి దాకా చదివి, పంతులు కుర్చీకి తుమ్మ జిగురు పూసి, పంతులు లేవబోయి కుర్చీతో సహా లేచిన రోజున బడి మానేశాడు. ఆ జిగురే తరవాత అన్నం పెట్టింది. మిగతావాళ్ళు సున్నంలో గుప్పెడు ఉప్పు వేసి ఊరుకుంటే, ఎల్లయ్య తుమ్మ జిగురు నానబెట్టి, కాచి, పాత చీర గుడ్డలో వడగట్టి కలిపేవాడు. వాడు వేసిన గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటదు. రెండు వానాకాలాలు పోయినా తెలుపు తగ్గదు. ఊళ్ళో ఇంకెవరికీ అంత ఓపిక లేదు.

ఇక వాడి ఆటలు. మాదాపూర్ మేడ ముందు నిలబడి పట్టాదారు పేరూ సర్వే నంబరూ గట్టిగా చెప్తే, లోపలి కంప్యూటర్ పొలం పహాణీ కాగితం బయటికి తోస్తుందని చెప్పి నీలమ్మను పంపాడొకసారి. ఆమె పొద్దంతా ఆ అద్దాల గోడకు మామ పేరు, మామ తండ్రి పేరు వినిపిస్తూ నిలబడింది. వాచ్‌మన్ జాలిపడి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి పంపాడు. తిరిగొచ్చి చీపురుతో ఎల్లయ్యను చెరువుకట్ట దాకా తరిమింది. తరిమి తరిమి, రొప్పుతూ, తనే నవ్వింది.

నీలమ్మ చంద్రయ్య భార్య. చంద్రయ్య, ఎల్లయ్య చిన్ననాటి నుంచీ జోడు.

చంద్రయ్యకు గుట్టల పక్కన రెండెకరాలు, అందులో ఇల్లంత పెద్ద బండ ఒకటి ఉన్నాయి. బండ కిందే అతని రేకుల ఇల్లు. ఆ రోజుల్లో పెద్దరోడ్డు పడుతుందని సర్వేవాళ్ళు వచ్చి రాళ్ళ మీద సున్నంతో గుండ్రం గీసి, లోపల జాజుతో ఎర్రటి అంకె వేసి పోతుండేవారు. ఎవరి రాయి మీద అంకె పడితే వారి భూమి పోయినట్టే. ఊరంతా పరేషాన్‌లో ఉంటే చంద్రయ్య ఒక్కడు ధీమాగా ఉండేవాడు.

"నా బండను ఎవ్వడు ముట్టడురా ఎల్లిగా. మా తాత పాతిన బండ అది."

"ఇల్లంత బండను మీ తాత ఎట్ల పాతిండ్రా?"

"మెల్లగ పాతిండు."

ఈ మాట విన్న ప్రతిసారీ ఎల్లయ్యకు చేతులు దురద పెట్టేవి.

సీతాఫలాల కాలం. ఒక ఆదివారం పొద్దున చంద్రయ్య, నీలమ్మ గంపలెత్తుకుని కొత్తగూడ చౌరస్తాకు వెళ్ళారు. ఎల్లయ్య బకెట్ పట్టుకుని బండ ఎక్కాడు. సర్వేవాళ్ళు గీసేది ఉత్త సున్నమేనని వాడికి తెలుసు. కానీ వాడి బకెట్లో ఉన్నది జిగురు కలిపిన సున్నం. ఆటకైనా సరే నాసిరకం పని చెయ్యడానికి వాడి చెయ్యి ఒప్పుకోదు. పళ్ళెమంత గుండ్రం గీశాడు. లోపల జిగురు కలిపిన జాజుతోనే నలభై ఏడు అని వేశాడు. అంతటితో దిగిపోతే బాగుండేది. దిగబోయినవాడు ఆగి, గుండ్రం నుంచి కింద చంద్రయ్య ఇంటి మీదికి ఒక బాణం కూడా వేశాడు. వేసి, వెనక్కి జరిగి, తల వంచి చూసుకున్నాడు. మంచిగా వచ్చింది.

సాయంత్రం కల్లు కాంపౌండ్‌లో చంద్రయ్య ముఖం చూడాలి. ముంత ముట్టలేదు. నేరుగా వెళ్ళి రాములు చొక్కా పట్టుకున్నాడు. రాములు ప్లాట్లు చూపించే బ్రోకరు. కోస్తా నుంచి వచ్చేవాళ్ళను కార్లలో ఎక్కించుకుని గుట్టల చుట్టూ తిప్పుతుండేవాడు.

"నువ్వే తోల్కొచ్చినవు సర్వేవాళ్ళను. నా ఇంటి మీదికి బాణం ఏపిచ్చినవు."

"నాకేం తెల్వదు చంద్రన్నా, చొక్కా ఇడువు."

"ఇడువను. నీ కార్లు ఇగ నా బండ దిక్కు రావద్దు."

"వస్తనే. ఏం జేస్తవ్? ఎక్కువ మాట్లాడితే గా బండ మీదికెల్లే కిందికి దొబ్బుత నిన్ను."

పాతిక మంది విన్నారు ఆ మాట. ఎల్లయ్య మూలన కూచుని ముంత ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఈ ముంత అయ్యాక చెప్దాం అనుకున్నాడు. ముంత అయింది. ఆట ఇంత బాగా సాగుతుంటే ఇప్పుడే ఎందుకు, పొద్దున వాడి ఇంటికే పోయి చెప్పి, చాయ తాగి, నాలుగు తన్నులు తిని వద్దాం అనుకున్నాడు. ఇంటికి పోయి హాయిగా పడుకున్నాడు.

పొద్దున లేచేసరికి చంద్రయ్య లేడు.

తెల్లవారుతుండగానే కొబ్బరి పీచు, బిందెతో నీళ్ళు తీసుకుని బండ ఎక్కాడట. ఒక బిందె అయిపోతే దిగి రెండోది, అదీ అయిపోతే మూడోది. నీలమ్మ పొయ్యి మీద చాయ పెట్టి, ఎంతకీ రాకపోతే చూడబోయింది. బండ కింద సొట్టపోయిన బిందె, దాని పక్కన చంద్రయ్య. తలకు రాయి తగిలింది. దవాఖానకు తీసుకుపోయేదాకా కూడా లేడు.

రాములు ఆ పొద్దున ఎవరికో ప్లాటు చూపించడానికి గుట్టల దారిలో తిరిగాడని ఇద్దరు చెప్పారు. మిగతాది ఊరే కలుపుకుంది. నీలమ్మ ఏడుస్తూ రాములు పేరే చెప్పింది.

మధ్యాహ్నానికి ఎస్సై వచ్చాడు. పేరు మడావి జంగు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గరి గోండు. ఈ ఠాణాకు వచ్చి నెల కూడా కాలేదు. సన్నగా, నల్లగా, మాట తక్కువ మనిషి. అతను బండ దగ్గర ఆగి, బూట్లు విప్పి, లేసులు ముడేసి మెడకు తగిలించుకుని, వట్టి కాళ్ళతో పైకెక్కాడు. చాలాసేపు గుండ్రం దగ్గర గొంతుక్కూచున్నాడు. జనం కింద నిలబడి చూస్తున్నారు.

జనంలో ఎల్లయ్యా ఉన్నాడు. వాడికి భయమేస్తే ఒకటే మందు, ఎవరినో ఒకరిని ఆట పట్టించడం. పక్కవాడి చెవిలో అన్నాడు:

"గోండు సారు. బూట్లు ఇప్పిండంటే అడుగులు సదువుతుండన్నట్టు. ఒక్క అడుగు చూసి మనిషెవడో చెప్తడు. ఏం తిన్నడో, మనసుల ఏం బెట్టుకొని నడిచిండో గూడ చెప్తడట."

"నిజమా?"

"మా బామ్మర్ది అటేపు పోయినప్పుడు కండ్లార చూసిండు."

ఎల్లయ్య బామ్మర్ది ఏనాడూ పటాన్‌చెరు దాటి పోలేదు. అయినా ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది.

మరునాటి నుంచి రాములు విచారణకని పొద్దున్నే ఠాణాకు వెళ్ళి బెంచీ మీద కూచుని, పొద్దుగూకాక ఇంటికి వచ్చేవాడు. ప్లాట్లు చూడ్డానికి ఎవరూ అతని దగ్గరికి రావడంలేదు. అతని భార్య బోరింగు దగ్గరికి వస్తే మిగతా ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పక్కకు జరిగేవాళ్ళు. ఎల్లయ్య అది చూశాడు. చూసి బీడీ ముట్టించుకున్నాడు. చెప్దామా అని నోటిదాకా వచ్చేది. ఏమని చెప్పాలి? చంద్రయ్యను చంపింది నేనేనని చెప్పాలి. వేరే మాటలు లేవు.

బుధవారం వాన పడింది. రాత్రంతా కురిసి పొద్దునకు తెరిపి ఇచ్చింది. ఎల్లయ్య పనికి పోతూ గుట్టల వైపు చూసి ఆగిపోయాడు. రాళ్ళ మీద సర్వేవాళ్ళ గుండ్రాలన్నీ కొట్టుకుపోయాయి. ఒక్కటీ లేదు. చంద్రయ్య బండ మీద మాత్రం నలభై ఏడు, అప్పుడే వేసినట్టు, తెల్లగా ఎర్రగా మెరుస్తోంది.

పోయి గీకెయ్యాలి. కానీ తడి మట్టి. బండ దాకా పోవాలంటే అడుగులు పడతాయి. అడుగులు పడితే సారు చదువుతాడు. అది తను పుట్టించిన మాటేనని ఎల్లయ్యకు తెలుసు. తెలిసినా కాలు ముందుకు పడలేదు.

గురువారం కొండాపూర్‌లో కామేశ్వరరావు గారి ప్రహరీకి సున్నం. ఆయన భీమవరం వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న రిటైరైన గుమాస్తా. పనివాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పడం ఆయనకు సరదా.

"ఏమోయ్ ఎల్లయ్యా, మీ ఎస్సైగారి సంగతి విన్నావటోయ్? అడుగు చూసి మనిషిని పట్టేస్తారట కదా."

"ఎవరు చెప్పిన్రు సారూ?"

"పాలబ్బాయి చెప్పాడు. అంతేకాదోయ్, ఏ చేత్తో బరువు మోస్తే ఆ వైపు మడమ లోతుగా దిగుతుందట. ఎడమ చేత్తో బకెట్ మోసేవాడిని ఇట్టే చెప్పేస్తారట."

ఎల్లయ్య చేతిలో బకెట్ ఉంది. ఎడమ చెయ్యి. మడమ మాట తను పుట్టించలేదు. తను చెప్పనిది ఇంకొకరు చెప్తున్నారంటే, అది నిజమే అయి ఉండాలి కదా? తను ఊరికే అన్నది కూడా ఎక్కడో విన్నదే అయి ఉండాలి. బకెట్‌ను కుడి చేతికి మార్చుకున్నాడు. సున్నం కాళ్ళ మీద ఒలికింది.

మరునాడు పొద్దున భార్య లచ్చమ్మ గడపలో అడ్డం నిలబడింది.

"నా చెప్పులు ఏసుకొని పోతున్నవేంది?"

"నావి తెగినయ్."

"తెగలే. పొయ్యెనుక దాచిపెట్టినవ్, నేను చూసిన. ఏమైంది నీకు? నాలుగు దినాల సంది నన్ను ఒక్క మాట ఆట పట్టియ్యలే. జరం గిట్ల వచ్చిందా?"

"ఏం రాలే."

"చంద్రన్న పోయిండని బాధ అయితుందా?"

ఎల్లయ్య ఆమెను తప్పుకుని గడప దాటాడు. ఆడవాళ్ళ చెప్పుల్లో మడమలు బయటికి వేలాడుతుంటే, మునివేళ్ళ మీద నడుస్తూ వెళ్ళిపోయాడు.

ఆ రోజే ఠాణా నుంచి కబురు వచ్చింది. తీరా వెళ్తే ఎస్సై జంగు వరండాలో కుర్చీ వేసుకుని కూచున్నాడు.

"ఎల్లయ్య అంటే నువ్వేనా? ఈ గోడకు సున్నం ఎయ్యాలె. ఊర్ల మంచిగ ఏసేది నువ్వేనంటున్రు."

బెంచీ మీద రాములు ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఎల్లయ్య కలుపుతుంటే అక్కడినుంచే పిలిచాడు.

"ఎల్లన్నా, నువ్వన్న చెప్పు సారుకు. నువ్వున్నవు గద ఆ దినం. ఊరికెనే నోరు జారిన మాట గద అది. చంద్రన్నను నేనెందుకు దొబ్బుత?"

ఎల్లయ్య వంగి బకెట్లో కలుపుతూనే ఉన్నాడు. కలిసిపోయిన సున్నాన్ని ఇంకా కలుపుతున్నాడు.

జంగు దగ్గరికి వచ్చి బకెట్లోకి చూశాడు. "ఏం కలుపుతున్నవ్ అందుల?"

"తుమ్మ జిగురు సారూ."

"అందరు కలుపుతరా?"

"ఎవ్వరు కలుపరు. వానకు పోవద్దని నేనొక్కన్నే కలుపుత." ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్న మాట, దానంతటదే గర్వంగా బయటికి వచ్చింది. వచ్చాక గానీ తెలియలేదు ఏమన్నాడో.

జంగు తలూపాడు. "మంచి పనే" అని పోయి కుర్చీలో కూచున్నాడు. సాయంత్రం ఎల్లయ్య బకెట్ కడుక్కుంటుంటే, మెల్లగా, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు:

"సోమవారం రాములును కోర్టుకు తోలుతున్న. జైలుకు పోతడు."

ఆ శనివారం ఎల్లయ్య అన్నం ముందు కూచుని, కలిపి, కలిపి, లేచిపోయాడు.

ఆదివారం ఎండ బాగా కాసింది. ఎస్సై బండ దగ్గరికి పోయాడని తెలిసింది. వారం కిందట అదే వేళకు బకెట్ పట్టుకుని నడిచిన దారినే ఎల్లయ్య మళ్ళీ నడిచాడు. చెప్పులు వేసుకోలేదు. మెత్తటి మట్టి ఉన్న చోట పక్కకు తప్పుకోకుండా, పాదం నిండుగా ఆనించి నడిచాడు. బండ మీద జంగు అప్పటికే ఉన్నాడు. బూట్లు మెడలో వేలాడుతున్నాయి.

వారం తరవాత ఆ గుర్తును దగ్గరగా చూడటం అదే మొదటిసారి. చుట్టూ కొబ్బరి పీచు గీతలు. గుండ్రం చెక్కు చెదరలేదు. అంకె చెక్కు చెదరలేదు. చంద్రయ్య ముందుగా రుద్దింది బాణాన్ని. తన ఇంటి వైపు చూపిస్తున్న మొనను మాత్రం, సగం గోరంత, ఎలాగో చెరపగలిగాడు. దాని పక్కనే నాచు మీద జారిన చార.

"నేనే గీసిన సారూ" అన్నాడు ఎల్లయ్య. "ఆటకు గీసిన. సాయంత్రం చెప్దామనుకున్న. చెప్పలే. రాములు ఏం జెయ్యలే. చంద్రయ్య ఒక్కడే ఎక్కిండు, ఒక్కడే జారిండు. నన్ను తోలుర్రి కోర్టుకు."

జంగు ఆశ్చర్యపోలేదు. చేత్తో గుండ్రాన్ని తడిమి వేళ్ళు చూసుకున్నాడు. ఏమీ అంటలేదు.

"వానకు అన్ని పోయినయ్, ఇదొక్కటి పోలే. సర్వేవాళ్ళను అడిగితే నలభై ఏడు మాది కాదన్నరు. జిగురు ఎవరు కలుపుతరని హోటల్ల అడిగితే అందరు నీ పేరే చెప్పిన్రు."

"మరి పట్టుకోకపోతిరి?"

"నేను పోయి చెప్తే నీలమ్మ నమ్మదు. ఎల్లన్న పోలీసు సారును గూడ ఆట పట్టిస్తుండు అంటది. నువ్వే చెప్పాలె ఆమెకు. కోర్టు సంగతి తరవాత, ఏం రాయాల్నో అది రాస్త."

"రేపు రాములును…"

"ఆ మాట నీకొక్కనికే చెప్పిన. రాములును నిన్ననే ఇగ రావద్దని ఇంటికి పొమ్మన్న."

ఇద్దరూ దిగారు. నీలమ్మ ఇంటి ముందు కూచుని ఖాళీ గంపలు దులుపుతోంది. ఎల్లయ్య ఎదురుగా నిలబడి చెప్పాడు. ఆమె మొదట తలెత్తలేదు.

"పో ఎల్లన్నా. గిసువంటి యాళ్ళ గూడనా నీ ఆటలు?"

"ఆట కాదు చెల్లె."

ఆమె జంగు ముఖం చూసింది. తరవాత ఎల్లయ్య ముఖం చూసింది. ఆ ముఖంలో నవ్వు కోసం చాలాసేపు వెతికింది. చేతిలో గంప మెల్లగా కింద పెట్టింది. తిడుతుందని, చీపురు తీసుకుంటుందని ఎల్లయ్య ఎదురుచూశాడు. తీసుకుంటే బాగుండుననుకున్నాడు.

"మూడు బిందెలు మోసిండు" అంది చివరికి. "ఎందుకు పోలే అది?"

"జిగురు కలిపిన."

"ఎందుకు కలిపినవ్? ఉత్త సున్నమైతే ఒక్క బిందెకే పోతుండె గద. చాయకు వచ్చేటోడు గద."

ఆమె లేచి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఠాణా దాకా మైలుంపావు దారి. చెరువుకట్ట మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. జంగు ముందు, ఎల్లయ్య వెనుక. కొంతదూరం పోయాక ఎల్లయ్య వెనక్కి తిరిగి తన అడుగులు చూసుకున్నాడు. వారం రోజులు దాచిన అడుగులు, ఇప్పుడు వరసగా, అందరూ చూసేలా పడి ఉన్నాయి.

"సారూ, ఒక్కటి అడుగుత. ఇగ దాచేది ఏం లేదు గద. నా అడుగు చూస్తే మీకు మొదటి దినం ఏం కనవడ్డది? ఎడమ మడమనేనా?"

జంగు ఆగాడు. "ఏం మడమ?"

"అదే సారూ, అడుగు చూసి మీరు చెప్తరట గద."

"నాకు అడుగులు చూసుడు రాదు. ఆరేండ్లప్పటి సంది హాస్టల్ల పెరిగిన నేను. మా తాత చూసెటోడేమో, నేనైతే ఆయన్నే సరిగ చూడలే."

"మరి బండ కాడ బూట్లు ఇప్పిన్రు?"

"జారుతున్నయని ఇప్పిన." జంగు మళ్ళీ నడక మొదలుపెట్టాడు. "ఏ ఠాణాకు పోయినా నాకిది మామూలే. ఒక కాడ తేనె తెమ్మన్నరు. ఒక కాడ పాము మంత్రం ఎయ్యమన్నరు. ఈ అడుగుల ముచ్చట మాత్రం మీ ఊర్లనే ఇన్న. ఎవడు పుట్టిచ్చిండో, ఎవడు నమ్మిండో."

ఎల్లయ్య పది అడుగులు నడిచాడు.

"రెండు నేనే, సారూ" అన్నాడు.